సామిల్లులో తీర్చుకున్న పగ

మొన్న నోవై ఊళ్ళో ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. బిర్యానీ ప్లేటుతో పక్కన కూర్చున్న ఓ కొత్త కోడలు "ఆంటీ, మీరు ఏ టెక్నాలజీ మీద వర్క్ చేస్తారు?" అని అడిగింది. "రంపాల మీదమ్మా" అన్నాను. అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుందో ఏమో, "దానికి మార్కెట్ బాగుందా ఆంటీ?" అంది. ఎదురుగా ఉన్న మా ఆయనకు నవ్వుతో పొలమారి, ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు అందుకున్నారు. ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఆ పిల్ల చూపు అక్కడ ఆగి, చటుక్కున పెరుగుచట్నీ మీదికి మళ్ళింది. ఇంటికి తిరిగి డ్రైవ్ చేస్తున్నంతసేపూ నాకు ఆ వేళ్ళు పోయిన నాటి సంగతులే గుర్తొచ్చాయి.

మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన ఏడాదే లేఆఫ్ అయింది. "టెంపరరీగా" అంటూ ఉత్తరాన అడవుల మధ్య ఒక సామిల్లులో చేరారు. అక్కడ మంచుకు కరువు లేదు గానీ, కరివేపాకు కావాలంటే పొద్దున బయల్దేరాలి. యంత్రంలో చెయ్యి పెట్టేవాడు ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత తాళం వేసి, చెవి జేబులో పెట్టుకోవాలని అక్కడి నియమం. ఓ ఉదయం పలకల అంచులు కోసే యంత్రంలో చెక్క ఇరుక్కుంది. "ఆపేశాను, లాగెయ్. నిమిషం పనికి తాళమెందుకు?" అన్నాడు సూపర్‌వైజరు. మా ఆయన నమ్మారు. చెయ్యి లోపల ఉండగానే అతనే స్విచ్ వేశాడు. తర్వాత, తనకేమీ తెలియదనీ, మా ఆయనే చెప్పకుండా చెయ్యి దూర్చాడనీ మాట మార్చాడు. చూసినవాళ్ళు లేరు. హాస్పిటల్ వరండాలో చిప్స్ నములుతూ నాతో అన్నాడు: "మీ ఆయన కంప్యూటర్ ముందు కూర్చోవలసిన మనిషి. మా పని అందరికీ చేతకాదు."

నేను ఏడవలేదు. నాకు కోపం తొందరగా రాదు, వస్తే పోదు. నాది ఆవకాయ కోపమనేది మా అమ్మ, ఊరేకొద్దీ ఘాటెక్కుతుందని.

కమ్యూనిటీ కాలేజీలో యంత్రాల రిపేరు కోర్సులో చేరాను. "ఎందుకే నీకివన్నీ?" అన్నారు మా ఆయన. "వంట బోర్ కొట్టిందండీ" అన్నాను. క్లాసులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మోటార్లు, బెల్టులు, చైన్లు, రంపాన్ని ఎంత బిగించాలి, ఎక్కడ వదలాలి, అన్నీ చేతులకు గ్రీజు పూసుకుంటూ నేర్చుకున్నాను. చెడిపోబోయే బేరింగు మూలుగు మాత్రం నాకెవరూ నేర్పనక్కర్లేకపోయింది. మాడబోయే ముందు మా మిక్సీ అచ్చం అలాగే మూలిగేది. కోర్సు అవగానే ఆ మిల్లుకే అప్లై చేశాను. ఆ అడవిలో టెక్నీషియన్లు దొరకరు కాబట్టి మేనేజరు వెంటనే తీసుకున్నాడు. సూపర్‌వైజరు నన్ను గుర్తుపట్టి ఇబ్బందిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఏళ్ళ తరబడి నవ్వాను. దీపావళికి లడ్డూలు కూడా ఇచ్చాను. బాగున్నాయన్నాడు.

మనిషి మారడని నాకు తెలుసు. అందుకే కనిపెట్టుకుని ఉన్నాను. ఒకరోజు అదే యంత్రంలో పలక ఇరుక్కుంది. అతను మీట నొక్కి ఆపి, తాళం లేకుండానే చెయ్యి దూర్చాడు. చొక్కా చెయ్యి పలకకీ రోలరుకీ మధ్య చిక్కుకుపోయింది. పక్కనే చైనుకు గ్రీజు పెడుతున్న నేను నేరుగా మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళాను. దాన్ని ఆపి, నా తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాను. తర్వాత వెనక్కి తిరిగి, అది అతనికి కనబడకుండా అడ్డంగా నిలబడ్డాను.

"స్విచ్ దగ్గర ఎవరు?" అని అరిచాడు.

"నేనే."

అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "తాళం వెయ్యి. ప్లీజ్."

"నిమిషం పనికి తాళమెందుకు?"

అరుపులకు మేనేజరు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతను పరిగెత్తుకొచ్చారు. మేనేజరుకు పక్కనుంచి తాళం కనబడే ఉంటుంది. నోరు మెదపలేదు.

"ఆ రోజు స్విచ్ ఎవరు వేశారు?" అన్నాను.

"నేనే! లోపల ఉన్నాడని మర్చిపోయాను. ఒట్టు, మర్చిపోయాను."

"తాళం వద్దన్నదెవరు?"

"నేనే."

అప్పుడు పక్కకి జరిగాను. వేలాడుతున్న తాళాన్ని చూసి అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు.

చొక్కా కత్తిరిస్తే చెయ్యి గీతైనా పడకుండా బయటికొచ్చింది. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పు మా ఆయనది కాదని మిల్లువాళ్ళు ఒప్పుకున్నారు. ఇంటికెళ్ళి ఆయనకు జరిగింది చెప్పాను. అంతా విని "తాళం వేశానని ముందే చెప్పొచ్చుగా, పాపం" అన్నారు. "చెప్పొచ్చు" అన్నాను. ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ముందు ఆయనకే నవ్వొచ్చింది.

పగ తీరాక మనసు వెలితి పడుతుందని ఎవరో అనగా విన్నాను. నేనైతే ఆ పూట పప్పన్నం మారు వడ్డించుకుని తిన్నాను. కాలం అన్నిటినీ మరిపిస్తుందని కూడా అంటారు. నా దగ్గర మాత్రం అది మరుపు రానివ్వకుండా అన్నేళ్ళూ తోడు కూర్చుని, పని అయ్యాకే లేచి తన దారిన తాను వెళ్ళింది.