మా గదిలో ఏసీ

ఆ రోజుల్లో మా గుంటూరులో ఏసీ అంటే మనుషులకు కాదు, మిరపకాయలకు. ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో టిక్కీలు (మిర్చి బస్తాలను మేం అలాగే అంటాం) వేసవంతా చల్లగా పడుకునేవి. వాటిని పండించినవాళ్లూ, మోసినవాళ్లూ, కాపలా కాసినవాళ్లూ బయట మెడకు తడి తువ్వాలు చుట్టుకుని ఉడికిపోయేవాళ్లు. ఇదేం న్యాయమని నేనెప్పుడూ అడగలేదు. మా నాన్న అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీలోనే సూపర్‌వైజరు. ఆ మిరపకాయలు సుఖంగా ఉంటేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

నాకు పెళ్లయిన తొలి వేసవిలో మా ఇంటికీ ఒక ఏసీ వచ్చింది. వేటపాలెంలో జీడిపప్పు వ్యాపారం చేసే మా మామగారు, సముద్రపు గాలికి అలవాటుపడ్డ కూతురు మా ఊరి ఎండకు తాళలేదని బెంగపడి, మా గదిలో దాన్ని బిగించి వెళ్లారు. అప్పటికి నేను ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో కొత్త గుమాస్తాను. ఇవన్నీ ఎందుకండీ అని పైకి అన్నాను గానీ, లోపల గంతులేశాను. ఆ గంతులు మొదటి కరెంటు బిల్లు వచ్చేదాకా సాగాయి. బిల్లు చూసిన రోజు నాన్న పెరుగన్నం కలుపుకోకుండానే లేచిపోయాడు. మర్నాడు తన వృత్తిలోంచి ఒక ఉపాయం తీశాడు.

"ఇద్దరి కోసం ఛాంబర్ నడపడం దండగరా. నడిపితే నిండుగా నడపాలి. ఇవాళ్టి నుంచి అందరం అందులోనే పడుకుందాం."

అన్నంత పనీ చేశాడు. మంచం మీద అమ్మ, నాయనమ్మ, ఆ గోడ వైపు మా ఆవిడ. కింద నాన్న, నేను, మిర్చి యార్డుకు కాయ తెచ్చినప్పుడల్లా మా ఇంట్లో దిగే పొదిలి బాబాయి. గాలి ఆడాలని గోడలకు జానెడు ఎడం వదిలి పక్కలు వేయించాడు (కోల్డ్ స్టోరేజీలో టిక్కీల నెట్టు, అంటే దొంతర, కూడా అలాగే కడతారు). చల్లదనం కారిపోకుండా తలుపు కింద పాత దుప్పటి కుక్కాడు. ఒకసారి తలుపు వేశాక తెల్లారేదాకా ఎవరూ తియ్యకూడదన్నది ఆయన శాసనం. కొత్తగా పెళ్లయినవాడిని, భార్యతో ఒక్క మాట చెప్పాలంటే అమ్మనూ, రగ్గులో ముడుచుకున్న నాయనమ్మనూ దాటాలి. మా ఆవిడ పొద్దున కాఫీ ఇస్తూ చూసే చూపులో, మీ ఇంట్లో నాకిచ్చింది గదా సత్రవా అన్న ప్రశ్న స్పష్టంగా వినిపించేది.

హాల్లో ఇంకో ఏసీ పెట్టిద్దామని నాన్నను అడిగాను. ముందు ఉన్నదాని బిల్లు దించి చూపించమన్నాడు. దించితే హాల్లో ఇంకోటి పెట్టించి అందరినీ తీసుకుని బయటికి వచ్చేస్తానని నాయనమ్మ ఎదుట మాటిచ్చాడు. ఇంకేం, నా సంసారం మొత్తం ఆ బిల్లు మీద ఆధారపడింది.

ఆదివారం ఏసీ మూత తీశాను. మాది యార్డుకు పోయే రోడ్డు. లారీలు రాల్చే కారం ధూళి అంతా ఫిల్టరుకు పట్టి అది ఎర్రటి జంపఖానా అయి కూర్చుంది. బుద్ధున్నవాడైతే నీళ్ల కింద పెట్టి కడుగుతాడు. నేను వరండా గట్టుకేసి ఫెడీఫెడీమని కొట్టాను. క్షణంలో ఇల్లంతా తుమ్ములు, పక్కింటి నుంచి దగ్గులు. పోపు మాడ్చిందెవరని నాయనమ్మ కళ్లు తుడుచుకుంటూ వంటింటి మీద పడింది. తర్వాత మేడ ఎక్కితే, అక్కడున్న ఏసీ బయటి డబ్బాకు ఎండా దుమ్మూ తగలకూడదని నాన్న పట్టా కప్పి, తాడుతో బిగించి ఉంచాడు, అచ్చం వాన మబ్బు చూసి మిర్చి రాశిని కప్పినట్టు. పాపం, అది వదిలిన వేడిని అదే పీల్చుకుంటూ రొప్పుతోంది. పట్టా విప్పడానికి నాన్నతో ఒక పూట గొడవైంది. పైన నీడకు రేకు ఒకటి అడ్డం పెట్టి, నాలుగు వైపులా గాలి ఆడనిచ్చాను. ఇక అమ్మ. పద్దెనిమిది మీద పెడితే గది తొందరగా చల్లబడుద్దని ఆవిడ నమ్మకం. తొందరేమీ ఉండదు, మిషను ఆగకుండా తిరగడమే ఉంటుందని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చివరికి ఇరవై ఆరు మీద పెట్టి, ఫ్యాను చిన్నగా తిప్పి, రిమోటు నాయనమ్మ దిండు కింద దాచాను. అక్కడ చెయ్యి పెట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

బిల్లు దిగింది. నాన్న దాన్ని జేబులో పెట్టుకుని కోల్డ్ స్టోరేజీ అంతా తిప్పి చూపించాడట. సాయంత్రం నేను ఆయన మాట గుర్తు చేస్తే నా వైపు జాలిగా చూశాడు.

"ఇంత చక్కగా పనిచేస్తుంటే ఇంకోటి ఎందుకురా?"

అని ఊరుకోకుండా పొదిలికి ఫోను కలిపి, ఇక్కడ హాయిగా ఉంది, ఈసారి పిన్నిని కూడా తీసుకురమ్మని బాబాయితో చెప్పాడు. పిన్ని వచ్చింది. బాబాయి గురకకు తోడు ఆవిడ గురక కూడా కలిసిన రోజు, మా ఆవిడ తనకు చలిగా ఉందని చెప్పి, దిండు తీసుకుని మేడెక్కేసింది. ఒంటరిగా వదలకూడదు కదా, నేనూ వెళ్లాను. కింద తలుపు పడింది, దుప్పటి కుక్కేశారు. అప్పుడు వెలిగింది మాకు. నాన్న శాసనం ప్రకారం ఆ తలుపు ఇక తెల్లారేదాకా తెరుచుకోదు. మా వాళ్లందరూ గదిలో, మేమిద్దరం బయట.

ఆ వేసవంతా మా కాపురం మేడ మీదే. యార్డు వైపు నుంచి ఘాటు గాలి, నీళ్లు చల్లినా కాలే గచ్చు, ఒళ్లంతా చెమట. నిద్ర పట్టేది కాదు గనక మాట్లాడుకునేవాళ్లం. చిన్నప్పుడు పచ్చి జీడిగింజ కొరికి మూతి పొక్కిపోయి, వారం రోజులు బడికి పోని సంగతి ఆమె చెప్పింది. మా ఆఫీసరు పిలిస్తే చాలు కాళ్లు వణుకుతాయన్న సంగతి లోకంలో ఆమెకొక్కతికే చెప్పాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఉడికిపోలేదు. ఇక ఏసీ మీద నాకు పుట్టిన భక్తి ఇంతా అంతా కాదు. రెండు వారాలకోసారి ఫిల్టరు కడిగేవాణ్ని (నీళ్ల కిందే), డబ్బాకు పైపుతో స్నానం చేయించేవాణ్ని. లోపల ఏ కాస్త ఉక్కపోసినా ఎవరో ఒకరు బయటికొస్తారు మరి. వీడికి ఇల్లంటే ఎంత బాధ్యతో చూడమని నాన్న అమ్మతో అంటుంటే విని తల దించుకున్నాను. వినయమనుకున్నారు.

అక్కడే చిక్కొచ్చిపడింది. ఆ బాధ్యత చూసి కరిగిపోయిన నాన్న, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటానని, హాల్లోకి ఏసీ తెస్తానని ప్రకటించాడు. మేడ మెట్లు హాల్లోంచే ఎక్కాలి, రాత్రి అక్కడ తలుపు పడితే మా మేడ కాపురం అంతటితో సరి.

"ఇప్పుడెందుకు మామయ్యా, కరెంటు దండగ. మాకు పైన బాగానే ఉంటోంది" అంది మా ఆవిడ, నా కంటే ముందే.

"వాళ్లకి ఏసీ పడదులేరా. వదిలెయ్" అంది నాయనమ్మ, రగ్గు మూతి దాకా లాక్కుంటూ.

నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటి బిల్లు కోసం ఉక్కలో ఉడికే కోడలిని ఆయన ఎక్కడా చూడలేదట. మర్నాడే అయిదు నక్షత్రాలది, అన్నిటికంటే తక్కువ కరెంటు తాగేది, బేరం కూడా ఆడకుండా తెచ్చేశాడు. పక్కలన్నీ హాల్లోకి వెళ్లిపోయాయి. మా గది మాదయింది. తలుపు వేసుకున్నాం. ఇరవై ఆరు మీద, చిన్న ఫ్యానుతో, గది హాయిగా ఉంది. ఆఫీసులో జరిగిందేదో చెబుదామని ఇటు తిరిగేసరికి మా ఆవిడ నిద్రపోయింది. చిన్నబుచ్చుకుందామనుకున్నాను గానీ, అంతలో నాకూ నిద్ర పట్టేసింది.

అదుగో, ఇన్నేళ్లుగా అలా నిద్రపోతూనే ఉన్నాం. మా ఇంట్లో ఇప్పుడు ప్రతి గదికీ ఏసీ ఉంది. ఫిల్టర్లు నేనే కడుగుతాను, బిల్లు వీధిలో అందరికంటే మాకే తక్కువ, పిల్లలు నన్ను పిసినారి అంటారు. ఒక్కోసారి తుడిచిన ఫిల్టరు బిగిస్తూ, ఒంటరిగా ఒక గది దొరికితే చాలు, భార్యతో చెప్పాల్సినవన్నీ చెప్పేస్తానని ఆరాటపడ్డ ఆ కుర్ర గుమాస్తా గుర్తొస్తాడు. వెర్రివాడు, అన్నీ ఆ ఉక్కలోనే చెప్పేశాడు.