వెనక్కి జారే పిల్ల: రోలా నుంచి అల్ ఐన్ ఐస్ హాకీ దాకా

పాలకొల్లు నుంచి మా పిన్ని ఫోన్ చేసి ఒక పని అప్పగించడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఆమె కూతురు స్టెల్లా ఇక్కడ ఎమిరేట్స్‌లోనే, అల్ ఐన్‌లో ఆసుపత్రి నర్సు. డ్యూటీ లేని రోజుల్లో ఐస్ హాకీ ఆడుతుంది, డిఫెండర్‌గా. అంటే గోల్స్ వేసే మనిషి కాదు, అవతలివాళ్ళను తమ గోల్ దగ్గరికి రానివ్వని మనిషి. పోయిన ఏడాది ఆటలోనే కుడి మోకాలు మెలితిరిగి ఆపరేషన్ అయింది. మళ్ళీ ఈ శుక్రవారమే మొదటి మ్యాచ్. "నువ్వెళ్ళి చూసి రావే. ఏ కాస్త కుంటినా మానెయ్యమని చెప్పు. నా మాటంటే దానికి లెక్కలేదు, నీ మాటైతే వింటది. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం, ఆ మోకాలే పోతే దాని బతుకేం కాను?" అంది పిన్ని. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. నేను షార్జా రోలాలో లేడీస్ టైలర్ని, శుక్రవారం మా షాపుకి సెలవు. గూఢచారి పనికి ఒప్పేసుకున్నాను.

రోలా నుంచి షార్జా పెద్ద బస్‌స్టేషన్‌కి నడిచే వెళ్ళొచ్చు గానీ సెప్టెంబరు ఎండలో ఆ సాహసం వద్దు. అల్ ఐన్ బస్సు టికెట్ నేను వెళ్ళినప్పుడు ముప్పై దిర్హాములు దాటింది, ప్రయాణం రెండు గంటల పైమాటే. మధ్యాహ్నం భోజనం చేసి ఎక్కితే ఎడారి దాటి ఖర్జూర తోటలు కనపడేసరికి నాలుగవుతుంది. అక్కడ దిగి టాక్సీ ఎక్కాను. డ్రైవర్ అన్నయ్యది జగిత్యాల.

"ఏడికి పోవాలె అక్కా?"

"ఐస్ రింక్‌కి అన్నా. మా చెల్లెలు హాకీ ఆడుతోంది."

"ఆడపిల్లలా? మంచు మీదనా?" అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "మంచిగుంది. మరి స్వెట్టరేది? గీ పల్చటి చున్నీతోని పోతే లోపట గజగజ వణుకుతవ్."

బయట నిప్పులు కురుస్తుంటే స్వెట్టరేమిటని నవ్వేశాను. ఇరవై దిర్హాములు తీసుకుని దింపుతూ ఆయనా నవ్వాడు. రింక్ లోపల అయిదు నిమిషాలు కూర్చున్నాక ఆ నవ్వుకి అర్థం తెలిసింది.

ఆటకి ముందు స్టెల్లా గాజు గోడ దగ్గరికి వచ్చి పలకరించింది. హెల్మెట్, భుజాల మీద దిండ్లు, చేతిలో కర్ర. మా పిన్ని చూస్తే తన కూతురే అని నమ్మదు. చిన్నప్పుడు కాకినాడలో చక్రాల బూట్లతో స్కేటింగ్ నేర్చుకున్న పిల్ల. 2021లో ఇక్కడికి వచ్చాక తోటి ఫిలిప్పీన్స్ నర్సు సరదాకి రింక్‌కి తీసుకొచ్చింది. మొదట్లో ముందు వరసలో ఆడిస్తే బంతి బదులు వాడే ఆ నల్ల బిళ్ళను వదిలేసి తనే గోల్లోకి దూసుకుపోయేదట. ఓ రోజు వెనక్కి జారుతూ మంచినీళ్ళు తాగుతుంటే కోచ్ చూసిందట. "డ్యూటీలో మా ముదీర్, పెద్ద బాసు, పెట్టినట్టు కేక పెట్టిందక్కా, నువ్వు డిఫెన్స్ అని!" అని నవ్వింది. ఆ ఏడాదే జట్టులో చోటు ఖాయమైంది, మోకాలు పోయేదాకా.

"ఇవాళ ఈ మోకాలు నిలబడితే సీజనంతా ఆడిస్తానంది కోచ్. లేకపోతే ఖలాస్," అంది స్టెల్లా. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ పంపింది కదూ?" అంది. అబద్ధమాడలేక తలూపాను.

అందరిలాగే నేనూ గోల్స్ చూద్దామని అవతలి జట్టు గోల్ వెనక కూర్చున్నాను. ఆట మూడు పీరియడ్లు, మొదటి పీరియడ్‌లో మావాళ్ళు ఒక గోల్ వేశారు. స్టెల్లా మాత్రం అవతలి చివర చీమంత కనపడుతూ ఏదో చేస్తోంది. రెండో పీరియడ్‌కి జట్లు వైపులు మారడంతో తనే నా ముందుకి వచ్చింది. అప్పుడు చూశాను. ఎదుటి పిల్ల దూసుకొస్తుంటే మా పిల్ల ఆమెనే చూస్తూ వెనక్కి జారుతుంది. ఆడవాళ్ళ ఆటలో ఒంటితో ఢీకొట్టకూడదట. మెల్లగా దారి మూసుకుంటూ గోడవైపు తోలేస్తుంది, మా ఊళ్ళో బాతుల్ని చేలోకి పోకుండా మళ్ళించినట్టు.

మూడో పీరియడ్‌కి మళ్ళీ వైపులు మారితే నేనే లేచి తన వైపుకి పరిగెత్తాను. ఆట ముగియబోతుండగా వాళ్ళలో బాగా పొడుగమ్మాయి ఒంటరిగా తప్పించుకుంది. స్టెల్లా గిర్రున తిరిగింది, ఆ కుడి మోకాలి మీదే. కర్ర చాచి బిళ్ళను తప్పించి దబ్బున పడిపోయింది. నేను "ప్రభువా!" అని పైకే అరిచాను. తను లేచింది. రెండు కాళ్ళూ ఓసారి విదిలించుకుని మళ్ళీ వెనక్కి జారడం మొదలుపెట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి, చలికి అని పక్కావిడతో చెప్పాను.

ఆట అయి తను మంచు మీంచి బయటికి రాగానే పిన్నికి వీడియో కాల్ చేశాను. స్టెల్లా పక్కనే, ఊపిరి బిగబట్టి ఉంది.

"కుంటిందా?"

"లేదు పిన్నీ."

"గోల్ వేసిందా మరి?"

"లేదు. ఎవర్నీ వెయ్యనివ్వలేదు."

పిన్ని ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. "అయితే వచ్చేవారం నువ్వు వెళ్ళినప్పుడు నాకూ చూపించు. ఫోన్ సరిగ్గా పట్టుకో," అంది. స్టెల్లా నన్ను వాటేసుకుంటే ఆ దిండ్లకి నా పక్కటెముకలు కదిలిపోయాయి.

తిరుగు బస్సులో ఆలోచించాను. ఈ దేశంలో మా వాళ్ళందరం ముందుకెళ్ళడానికే వచ్చాం. ఎవరు ఎంత పైకెళ్ళారన్నదే మాకు లెక్క. వెనక్కి జారుతూ కూడా ఒక మనిషి ఇంత దూరం రావచ్చని నాకు ఆ రోజే తెలిసింది. మీలో ఎవరైనా ఇలాంటి మ్యాచ్‌కి వెళ్తే ఒక్క సలహా. మీ మనిషి డిఫెండరైతే సొంత గోల్ వెనకే కూర్చోండి. పీరియడ్ పీరియడ్‌కీ వైపులు మారతాయి, మీరూ లేచి మారండి. తను మీకు వీపు పెట్టి మీవైపే వచ్చేస్తుంటే కంగారుపడకండి. ఎదురుగా వచ్చేదాన్ని ఆపడానికే అలా వస్తోంది.