నూకయ్య ఇంట్లో కూసిన ఆటపెట్టె

రాజకుమారి ఆటపెట్టెను నూకయ్య ఎప్పుడో బాగుచేసేశాడని, బాగవలేదని ఆమెతో అబద్ధమాడి చెన్నై షావుకారు ఎవరికో అమ్మబోతున్నాడని ఈ దీవిలోని హాడో పేటలో మా ఇళ్ళ లైనంతా ఒక మాట తిరిగింది. ఆ మాటను గుమ్మం గుమ్మానికీ మోసినవాళ్ళలో నేనే ముందున్నాను. కాబట్టి దాన్ని సరిచేయాల్సిందీ నేనే.

నూకయ్యది మా గోడకు అవతలి ఇల్లు. తండ్రి సోంపేట దగ్గర నుంచి వలలతో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నూకయ్య మాత్రం వల పట్టలేదు. దీవుల మధ్య తిరిగే ఓడల్లో కరెంటు పని నేర్చుకుని ముప్ఫై ఏళ్ళు ఇంజిన్ రూమ్‌లో గడిపాడు. రిటైరయ్యాక వీధిగదిలో ఒక బల్ల వేసుకుని చేపల బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తున్నాడు. సముద్రంలో గాలి లేచినప్పుడు ఒక బోటు ఇంకో బోటును పిలవాలంటే ఆ సెట్టే దిక్కు. అందుకే మావాళ్ళు దాన్ని ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వరు. నూకయ్య చూశాడంటే చాలు, ఇంకో మాట అడగకుండా బోటెక్కుతారు. అతనికి ఉన్న ఆస్తి ఆ నమ్మకమొక్కటే. దొంగ అన్న పేరు వస్తే అది కాస్తా పోతుంది.

ఇక ఆటపెట్టె సంగతి. రాజకుమారికి అబర్డీన్ బజార్‌లో టిఫిన్ కొట్టు ఉంది. ఆమె మామగారు ఎప్పుడో మద్రాసు ఓడలో తెప్పించిన వీడియో గేమ్ అది, బీరువా అంత ఉంటుంది. తెరమీద పైనుంచి విమానాలు దిగుతుంటే కింద నుంచి మనం కాల్చాలి. బడి ఎగ్గొట్టిన రోజుల్లో మా పిల్లలు నాకు దొరికింది దాని ముందే. ఇన్నేళ్ళకు బొమ్మ బాగానే ఉంది గానీ చప్పుడు పోయింది. మూగ ఆట ఎవరాడతారని రాజకుమారి దాన్ని ఉమేష్ ట్రాలీ ఆటోలో నూకయ్య ఇంటికి పంపింది.

మొదటి రోజు నేనూ వెళ్ళి కూర్చున్నాను. అతని భార్య యర్రమ్మ కూతురి కాన్పుకని మాయాబందర్ వెళ్ళింది. ఆమె ఉంటే ఎవరొచ్చినా గుమ్మంలో నిలబడి, వాళ్ళన్న ప్రతి మాటా మళ్ళీ తాను గట్టిగా అని మొగుడికి అందిస్తుంది. పెత్తనమనుకునేదాన్ని.

నూకయ్య ముందు స్పీకరు తీగలకు టార్చి బ్యాటరీ తాకించాడు. టక్కుమనలేదు. దాని లోపలి కాగితం చిరిగిపోయి ఉంది. దాన్ని తీసేసి పాత ట్రాన్సిస్టర్‌లోని చిన్న స్పీకరు పెట్టాడు. తర్వాత సౌండ్ బోర్డు బయటికి లాగాడు. ఉప్పుగాలికి దానిమీది చిప్పుల కాళ్ళన్నీ పచ్చగా చిలుమెక్కాయి. బ్రష్షుతో రుద్ది, ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చి, వదులైన చోటల్లా టంకం పెట్టాడు. బోర్డు బల్లమీద ఉండగానే కరెంటిచ్చి ఒకచోట వేలు తాకిస్తే స్పీకరు లావుగా గుయ్‌మంది.

"ఇక్కణ్నుంచి స్పీకరు దాకా రస్తా సాఫ్ అక్కా. ఇంక ఆ చిప్పులో సద్దు పుట్టాల. అది బతికుంటే సరి," అన్నాడు.

మర్నాడు బోర్డును పెట్టెలో బిగించినట్టున్నాడు. మధ్యాహ్నం గోడవతల నుంచి కీచు కీచుమని సన్నటి పాట మొదలైంది. హమ్మయ్య, అయిందనుకున్నాను. రెండు రోజులకు ఉమేష్ వచ్చి వేరే కథ చెప్పాడు. నూకయ్య పనిగట్టుకుని బస్సెక్కి బజారుకు వెళ్ళి, చిప్పు చచ్చిపోయిందని, అలాంటిది ఇప్పుడు తయారవడం లేదని, చెన్నైలో పాతది వెతికించాలని రాజకుమారితో అన్నాడట. జేబులో ఫోను పెట్టుకుని అంత చిన్న మాటకు బస్సెక్కడమేమిటో నాకు అర్థం కాలేదు. మేము మాట్లాడుకుంటుండగానే గోడవతల పాట మొదలైంది.

"మరి అక్కడ కూస్తన్నది కోడిపెట్టా దీదీ?" అన్నాడు ఉమేష్.

ఆ రోజు నుంచి నేను నూకయ్యను కనిపెట్టుకునే ఉన్నాను. తలుపు దగ్గరగా వేసుకుని పని చేస్తున్నాడు. వెనక నుంచి రెండుసార్లు పిలిచినా తిరగలేదు. ఎదురుపడితే నా కళ్ళలోకి చూడడు, నోటికేసి చూస్తాడు. చెన్నై ఓడ బయల్దేరే రోజున రేవుకు పోయి ఓడమనిషి చేతిలో ఒక కాగితం పెట్టాడు. కావలసిన చిప్పు నంబరు రాసిచ్చాడని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు నాకది బేరం కాగితంలాగే కనిపించింది. దాచడమెందుకు, షావుకారు అన్న ముక్క కలిపింది నేనే.

పదో రోజు పొద్దున్న నాగరాజు వచ్చాడు. జంగ్లీఘాట్ జెట్టీలో అతనికి బోటు ఉంది. బాగైన సెట్టు నూకయ్య దగ్గర నుంచి తీసుకుని వెళ్తూ మా గుమ్మంలో ఆగాడు. సాయంత్రం వేటకు పోతున్నామని, ఈ సెట్టు ముందే బాగుకు ఇచ్చేశాను కాబట్టి సరేగానీ ఇక ఆ గడప తొక్కనని అన్నాడు.

"ఆడమనిషి పెట్టె కాడ అబద్దమాడినోడు నా సెట్టు కాడ నిజమాడతాడేటి అప్పా? మావోళ్ళందరికీ చెప్పీసినాను."

ఒక మనిషి ఇన్నేళ్ళ పేరు పోతోంది, అందులో సగం నా నోటి చలవ. నిజంగా దొంగైతే పోనీ, కాకపోతే ఏమిటి? కళ్ళారా తేల్చుకుందామని, వెలగని టార్చి ఒకటి సాకుగా పట్టుకుని మధ్యాహ్నం వాళ్ళ తలుపు నెట్టాను.

తెరమీద విమానాలు దిగుతున్నాయి. గదంతా కీచుపాటే. నూకయ్య నాకు వీపు పెట్టి పెట్టెలోకి వంగి ఉన్నాడు. భుజం తడితే ఉలిక్కిపడి తిరిగాడు. నేను నోరు తెరిచేలోపే అతనే అందుకున్నాడు.

"చూడక్కా, బొమ్మ ఆడతంది, సద్దు నేదు. పది దినాలై ఇదే."

ఆ పాట మధ్యలో నిలబడి అంత నిబ్బరంగా అంటుంటే నాకు ఒళ్ళు మండింది. నన్నే వెర్రిదాన్ని చేస్తున్నాడనుకున్నాను. నాలుగు దులపబోతుంటే వంటింట్లో కుక్కర్ కూసింది. అతను కదల్లేదు. మళ్ళీ కూసింది, మళ్ళీ కూసింది. అతను నిశ్చింతగా స్పీకరు తీగలు చూసుకుంటున్నాడు. ఎన్ని కూతలయ్యాయో, పప్పు మాడిన వాసన గదిలోకి వచ్చింది. అప్పుడు ముక్కు ఎగబీల్చి, "అరే, దాల్," అంటూ లోపలికి పరుగెత్తాడు.

పిలిస్తే తిరగకపోవడం, నోటికేసి చూడటం, ఫోను మానేసి బస్సెక్కడం, నేను దొంగతనం కింద జమకట్టినవన్నీ ఒక్కసారిగా వేరేగా కనిపించాయి. యర్రమ్మ గుమ్మంలో నిలబడి చేసేది పెత్తనం కాదు. లావుగా గుయ్‌మన్నది వినబడింది కాబట్టి దారి బాగుందన్నాడు, సన్నపాట వినబడలేదు కాబట్టి చిప్పు చచ్చిందన్నాడు. పెట్టె పాడుతోందని చెప్పడానికి యర్రమ్మ ఊళ్ళో లేదు. అతనికి తెలుసనుకుని మేమెవరం చెప్పలేదు.

ఇప్పుడు దొంగ కాదని లైన్లో చెప్పాలంటే, చెవులు పోయాయనీ చెప్పాలి. వినబడనివాడికి వైర్‌లెస్ సెట్టు ఎవరిస్తారు? ఎటు తిప్పినా ఆ బల్ల ఖాళీయే.

అతను మాడిన కుక్కర్ దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను అతని చెయ్యి పట్టుకుని వేళ్ళను స్పీకరు కాగితం మీద పెట్టాను. అది సన్నగా అదురుతోంది. అతను పెట్టెకేసి చూశాడు, తర్వాత నాకేసి చూశాడు. ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి అడిగాను.

"నూకయ్యా, ఇది పది రోజుల బట్టి కూస్తంది. లైనంతా ఇన్నాం. నువ్వు దాచుకున్నావని నిన్ను దొంగంటన్నారు. నీకు ఇనబడ్డం నేదు కదా?"

వేళ్ళు తీయకుండానే తలూపాడు.

"ఇంజిన్ రూమ్ తినీసిందక్కా," అన్నాడు. "లావు గొంతులు అందుతాయి, మిగతాది యర్రమ్మ అందిస్తాది. ఈ పెట్టె కూస్తందని నాకు తెల్దు. చెవుల సంగతి తెలుసు. చెప్తే ఏ బోటోడూ రాడని నోరు మూసుకున్నాను. నాగరాజు సెట్టు, మీటర్లో ముల్లు ఆడిందని పాస్ చేసీసినాను. అందులో మనిషి మాట తెలుస్తాదో నేదో నేను ఇననేదు. ఆడు బోటు ఇప్పకముందే జెట్టీకి ఎళ్ళి ఆపు. ఎందుకని అడుగుతాడు. నూకయ్యకి ఇనబడదని చెప్పీయ్."