ఉప్పు చూసే మనిషి

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఏ ఇంట్లో పెళ్లి జరిగినా, మా నాయనమ్మ అరచేతిలో నాలుగు చుక్కల పప్పుచారు పడితేగాని పంక్తిలో విస్తరి వేసేవాళ్లు కాదు. మాది నెల్లికుదురు పక్కన చిన్న ఊరు. వంటలవాళ్లు గాడిపొయ్యి దగ్గర నుంచి గరిటె పట్టుకుని ఆమె కూర్చున్న చోటికి వచ్చేవాళ్లు. ఆమె కొంగు సర్దుకుని, అరచెయ్యి చాపి, ఆ చుక్కలు నాకి, కళ్లు మూసుకునేది. అంతసేపూ పెళ్లివాళ్లంతా ఊపిరి బిగబట్టేవాళ్లు. "ఇగ పెట్టుకోండ్రి" అంటే వడ్డన మొదలు. "ఇంకింత పడాలె" అంటే పెళ్లికొడుకు తండ్రయినా సరే ఆకలితో ఆగాల్సిందే. పక్క ఊళ్లకు పోలీసు పటేలే ఉండేవాడు, మా ఊరికి ఉప్పు పటేలు కూడా ఉందని నేను అనేదాన్ని. ఆ ఉప్పు పటేలును మేం అవ్వ అని పిలిచేవాళ్లం.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. ఆ ఏడే తమ్ముడు పుట్టాడు. అమ్మ పొలం పనికి పోవాలి కాబట్టి పలక మూలకు పోయింది, తమ్ముడు నా చంకకెక్కాడు. బడి మానినందుకు హాయిగా ఉందని అందరికీ చెప్పేదాన్ని. పొద్దున గంట కొట్టగానే నా ఈడు పిల్లలంతా మాయమైపోయేవాళ్లు. వీధిలో నేనూ, తమ్ముడూ, రెండు కుక్కలూ మిగిలేవాళ్లం. మాట్లాడటానికి వేరే ఎవరూ లేక తమ్ముడితోనే మాట్లాడేదాన్ని. మూతి వంకర తిప్పితే వాడు నవ్వేవాడు. నవ్వించే రోగం నాకు అక్కడే అంటుకుంది. పెద్దయ్యాక జనగామ బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు అమ్మినన్నాళ్లూ ఆ రోగమే నాకు అన్నం పెట్టింది.

ఆ ఏడు వానాకాలంలో అవ్వకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం మీదే ఉంది. లేచాక ఎప్పటిలాగే పొయ్యి ముందు కూర్చుంది గానీ కూరలు మాత్రం ఎప్పటిలా లేవు. ఒక పూట ఉప్పు నోట పెట్టనివ్వదు, ఒక పూట అసలు ఉండదు. అత్త వండిన కూరకు వంక పెట్టే ధైర్యం అమ్మకు లేదు. బాపు పొలం నుంచి ఆకలితో వచ్చి, ఇంత మజ్జిగ కలుపుకుని తినేసేవాడు. నోరున్నది నాకొక్కదానికే. "అవ్వా, పప్పుల ఉప్పేసినవా, ఉప్పుల పప్పేసినవా?" అంటే బాపుకు పొలమారేంత నవ్వొచ్చేది. అవ్వ కూడా నవ్వేది. అందరం తిన్నాక ఒక్కతే కూర్చుని రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది.

పెళ్లిళ్లకు పోవడం కూడా మానేసింది. మోకాళ్లు నొస్తున్నాయంది. ఆ మోకాళ్లు చేనుకు పోతే నొయ్యవు, పెళ్లికి పిలిస్తేనే నొస్తాయి. అది కూడా నాకు జోకే అయింది. ఆమె చేతిగాజులు మోచేతి దాకా జారుతున్న సంగతి రోజూ నా కళ్ల ముందే ఉంది. దాని మీద జోకు తట్టలేదు కాబట్టి దాన్ని నేను చూడలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. అప్పటికి వాడికి పది నెలలు. మానుకోట నుంచి వారానికి రెండుసార్లు గొడుగు వేసుకుని వచ్చే నర్సమ్మ ఆ పొద్దున్నే మా వీధికి వచ్చింది. ఆమె దగ్గర మందు పొట్లాలు అయిపోయాయి. కాచి చల్లార్చిన నీళ్లు చెంబెడు, అందులో పిడికెడు చక్కెర, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు కలిపి చెంచాతో పట్టమంది. "పట్టేముందు నాలిక మీద ఏసుకొని చూడుండ్రి. కన్నీళ్లకంటె ఉప్పగుంటె పారబోయిండ్రి" అని రెండుసార్లు చెప్పింది. తండాలో బాలింతను చూసి పొద్దు వాలేలోపు మళ్లీ వస్తానని పోయింది.

"ఉప్పు జూసుడు మా అవ్వకు చెప్పాల్నా?" అని బాపు గొప్పగా నవ్వి, చెంబు తీసుకెళ్లి అవ్వ చేతిలోనే పెట్టాడు. ఊళ్లో ఎవరైనా అదే పని చేసేవాళ్లు.

నేను గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాను. చిటికెడు వేసింది. అరచేతిలో పోసుకుని నాకి, కళ్లు మూసుకుని ఆగింది. ఇంకో చిటికెడు వేసింది. మళ్లీ నాకింది. మళ్లీ వేసింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. మనవడి కోసం అంత జాగ్రత్తగా చూస్తోందనుకున్నాను. "ఇది పెండ్లి గాదే అవ్వా, జల్ది కానియ్యి" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

తమ్ముడు మొదట ఆ నీళ్లు ఆత్రంగా తాగాడు. తాగినకొద్దీ దాహం పెరిగింది. కక్కుకున్నాడు. మధ్యాహ్నానికి ఏడుపు గొంతు మారింది. తర్వాత ఆ ఏడుపు కూడా సన్నబడింది. నాకు వచ్చిన కోతి వేషాలన్నీ వేశాను. వాడి కళ్లు నా ముఖం మీద ఆగలేదు, నా వెనక ఉన్న గోడను చూస్తున్నట్టు చూశాడు. బాపు జీపు కోసం నెల్లికుదురు పరుగెత్తాడు.

అప్పుడే నర్సమ్మ వచ్చింది. తమ్ముడి పొట్ట మీద చర్మం పట్టి చూసింది, నోట్లో వేలు పెట్టి చూసింది, ఒంటికి ఎప్పుడు పోశాడని అమ్మను అడిగింది. అమ్మను తమ్ముడి దగ్గరే ఉండమని, నేను వెంట రాగా గబగబా వెనక వసారాలోకి వచ్చి, పొయ్యి పక్కన ఉన్న చెంబులోంచి రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని వెంటనే ఉమ్మేసింది. "ఎవలు కలిపిండ్రు?" అంది. అవ్వ గుంజను పట్టుకుని నిలబడింది.

భయం వేస్తే నాకు జోకులొస్తాయి. "సముద్రం జూడాలంటె మానుకోటల రైలెక్కుడెందుకు నర్సమ్మా? మా అవ్వ పప్పు తింటె సాలు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నా ముందు గొంతుక్కూర్చుంది. 

"కూరలు గూడ గిట్లనే ఉంటున్నయా బిడ్డా? ఎప్పటి సంది?"

అదే మాట వందసార్లు అని ఉంటాను ఆ ఇంట్లో. వందసార్లూ నవ్వారు. ఎప్పటినుంచి అని ఒక్కరూ అడగలేదు. "వానకాలం జరమొచ్చినప్పటి సంది" అన్నాను. ఆ జవాబు నా నోట్లోంచి తేలిగ్గా వచ్చేసింది. నాకు తెలుసు. ఎనిమిది నెలలుగా తెలుసు. నవ్వడానికి మాత్రమే వాడుకున్నాను.

నర్సమ్మ ఉప్పు కుండలోంచి రాళ్లుప్పు గల్లు ఒకటి తీసి అవ్వ నోట్లో పెట్టింది. "ఏమన్న తెలుస్తుందా అవ్వా?" అవ్వ దాన్ని నోట్లో అటూ ఇటూ తిప్పింది. "రాయి తెలుస్తుంది బిడ్డా. గంతే."

నర్సమ్మ ఆ చెంబు పారబోసి, తన సంచిలో ఉన్న కొలత చెంచాతో వేరే నీళ్లు కలిపింది. కొంచెం కొంచెంగా పట్టమని, మధ్యమధ్య రొమ్ము ఇమ్మని అమ్మకు చెప్పింది. పొద్దటి నీళ్లకు ఏమైందని అమ్మ అడిగితే, "కొలత లేకుంట కలిపితె నాకైనా తప్పుతది. డాక్టరుకు ఏం చెప్పాల్నో నేను చెప్త. నువ్వు పోరన్ని చూడు" అంది. జీపు వచ్చింది. అమ్మా బాపూ తమ్ముడితో ఎక్కారు, ఆమె కూడా ఎక్కింది. దుమ్ము అణిగాక ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం.

ఆ రెండు రోజులు నా బతుకులో చాలా పొడుగైనవి. పొయ్యి వెలగలేదు. పక్కింటి అక్క గంజి తెచ్చి పెట్టి పోయేది. అవ్వ ఉప్పు కుండ ముందు కూర్చుని ఒక్కో గల్లు నోట్లో వేసుకునేది. కళ్లు మూసుకునేది. తెరిచేది. ఇంకోటి వేసుకునేది, దానికైనా రుచి ఉంటుందేమో అన్నట్టు. నిండు ఇంట్లో, మా అందరి మధ్యా, మేం తినే కూరే తింటూ ఆమె ఎనిమిది నెలలు ఒక్కతే ఉంది. అది కనిపెట్టకుండా నేను పక్కనే కూర్చుని నవ్వించాను. చివరికి లేచి కుండ తీసుకెళ్లి వడ్లగుమ్మి వెనక దాచి, చెంబెడు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆమె చిన్నపిల్లలా తాగింది. "పోరడు వస్తడా?" అని ఆ రెండు రోజుల్లో ఒక్కసారే అడిగింది. "వస్తడు" అన్నాను. నాకు తెలియదు.

మూడోనాడు వాడు వచ్చాడు. అమ్మ చంకలోంచి నన్ను చూసి, నేను మూతి తిప్పకుండానే నవ్వాడు. అవ్వ వాణ్ని ఎత్తుకోలేదు. దూరంగా నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం నర్సమ్మ వచ్చేసరికి బాపు చేను దగ్గర, అమ్మ బావి దగ్గర ఉన్నారు. నర్సమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని గాజులు పైకి తోసి చూసింది. కొందరికి జ్వరం తర్వాత నాలుక మొద్దుబారుతుందని, వయసు కూడా తోడయితే తిరిగి రాకపోవచ్చని దాచకుండా చెప్పింది. రుచి లేదని తిండి మానితే మనిషి మిగలదు కాబట్టి మందు వేసుకున్నట్టు వేళకు తినమంది, ఒక్కతే కూర్చుని తినొద్దంది. పెద్ద దవాఖానలో ఒకసారి చూపించుకోమంది. అవ్వ అన్నీ వింది. ఒక్కటే అడిగింది.

"నా కొడుక్కు చెప్పకు బిడ్డా. గీ ఒక్కటి పోతె ఈ ఇంట్ల నేనేంది ఇగ?"

నర్సమ్మ అవ్వ గాజులు మళ్లీ కిందికి దించింది. "పోరని నీళ్లు మాత్రం నువ్వు కలపొద్దు. గది నీ కోడలు పొట్లంతోని కలుపుతది, నేను నేర్పిస్త. మిగిలింది చెప్పుడు చెప్పకపోవుడు నీ ఇష్టం" అంది. నా వైపు తిరిగి, "దీని నోరైతె ఊర్కె ఉండదు గద. దానికో పని చెప్పుదాం" అంది. ఆ రోజు నుంచి నేను మా అవ్వకు నాలుకనయ్యాను.

అమ్మ పక్కనే ఉన్నప్పుడు అవ్వకు ఎలా చెప్పాలన్నది చిక్కు. దానికి దారి నేనే కనిపెట్టాను. గరిటె నాకి "మంచిగుంది" అన్నానంటే ఉప్పు తక్కువ. "మస్తుంది" అంటే ఎక్కువ, ఇంత నీళ్లో చింతపులుసో పడాలి. "థూ, ఉప్పు కషాయం!" అని మూతి తిప్పానంటే సరిగ్గా సరిపోయినట్టు, దించుకోవచ్చు. ఆ తిట్టు వినగానే అవ్వ ముఖం విప్పారేది. అమ్మ మాత్రం నెత్తి మీద ఒక్కటి వేసేది. "పెద్దమనిషి ఉసురు పోసుకుంటున్నవే" అని రోజూ తిట్టేది. అవ్వ, నేను ఒకే కంచంలో తినేవాళ్లం, నేను తింటే తప్ప ఆమె ముద్ద ఎత్తేది కాదు. మోకాళ్లు కూడా నయమయ్యాయి. పెళ్లిళ్లకు నన్ను తోకలా వెంటబెట్టుకుని పోయేది. గరిటె రాగానే ముందు నేను వేలు పెట్టేదాన్ని. ఊరంతా ఎదుట "థూ" అనేదాన్ని. ఊరంతా నన్ను తిట్టేది, అవ్వ "పెట్టుకోండ్రి" అనేది.

ఒకసారి చెట్టు మీది పచ్చి మామిడికాయ కోసి ఇద్దరం తింటుంటే ఆమె అడిగింది. "ఎట్లుందే?" పుల్లగా ఉందన్నాను. "పులుపు ఎట్లుంటదే?" అంది. ఊళ్లో నా అంత వాగుడుకాయ లేదు. ఆ పూట చీకటి పడేదాకా ఆలోచించినా చెప్పలేకపోయాను.

నాకు పెళ్లి కుదిరిన ఏడే ఆమె పోయింది. దినం నాడు పంక్తిలో కూర్చున్నవాళ్లంతా ఆమె చేతి గురించే చెప్పుకున్నారు. కడదాకా ఒక్క గల్లు అటూ ఇటూ కాలేదన్నారు. ఒక పెద్దమ్మ నా వైపు చూసి, "వంక పెట్టింది నువ్వొక్కదానివేనే" అంది. అందరూ నవ్వారు. ఆ పంక్తి మొత్తాన్ని నోరెత్తనివ్వని మాట నా దగ్గర ఉంది. అవ్వ చెప్పలేదు కాబట్టి అది నాది కాదు. అన్నంతో పాటు మింగాను. అమ్మ పోయేదాకా నన్ను ఉసురు పోసుకున్న దానిగానే చూసింది. నర్సమ్మ బదిలీ మీద ఎటు పోయిందో తెలియదు. ఇప్పుడు ఆ సంగతి తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఇక్కడ రాస్తున్నానంటే, మా తమ్ముడికి చదివే అలవాటు లేదన్న ధైర్యంతోనే.

వాడు చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేస్తున్నాడు. ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు. మొన్న కూడా మాటల్లో అవ్వ వచ్చింది. "గా చేతి పప్పు మళ్ల దొరుకుతదా అక్కా? పాపం, ఎంత మంచిగ వండినా నీతోని ఒక్క మంచి మాట పడకపోయె. గింత గూడ బాధ లేదా నీకు?" అన్నాడు.

ఒంటి గదిలో మంచం మీద కూర్చుని ఆ గొంతు విన్నాను. పది నెలల వయసులో సన్నబడి మళ్లీ తేరుకున్న గొంతు అది.

"థూ, ఉప్పు కషాయం" అన్నాను.

వాడు ఠక్కున ఫోను పెట్టేశాడు.