ఆయన చదివి చెప్పిన మాట

ఈ రోజు నా ఉద్యోగానికి మా ఆయన రాజీనామా చేశారు.

మోటర్ న్యూరాన్ జబ్బుతో నా గొంతు పోయి ఏడాదైంది. తల ఊపే శక్తి కూడా మెడకు లేదు. తెలుగు అక్షరాలు రాసిన అట్ట మీద వేలితో ఒక్కొక్కటీ చూపిస్తే ఆయన చదివి పైకి చెబుతారు. మధ్యాహ్నం మా కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చారు. ఆమెకు తెలుగు రాదు. సెలవు పొడిగించమంటారా, ఉద్యోగం వదిలేస్తారా అని నన్నే అడిగారు. "వదలను" అని చూపించాను. ఆయన అట్ట వైపు చూసి, "ఛోడ్ దేగీ మేడమ్, థక్ గయీ హై" అన్నారు. వదిలేస్తానట, అలసిపోయానట! ఇరవై ఏళ్లుగా ఈ రాయపూర్‌లో హిందీలోనే పాఠాలు చెప్పినదాన్ని, నా ముందే.

వేలు జారిందేమోనని మొదట నన్నే అనుమానించుకున్నాను. మళ్లీ చూపించేలోపు మేడమ్ నా భుజం తట్టి వెళ్లిపోయారు.

"సరిగా చదవలేదా?" అని ఆయన్ని అడిగాను.

"చదివాన్లే. ఇంకా ఎందుకే నీకీ పరేషానీ? ఆరామ్‌గా ఉండక" అన్నారు, నా వెనక దిండు సర్దుతూ.

ప్రేమే కావచ్చు, కాదనలేను. కానీ నాకు మిగిలిన గొంతు ఆయనదొక్కటే కదా!

సాయంత్రం మా అమ్మాయి చేత హిందీ అక్షరాల అట్ట రాయించాను. రేపు మళ్లీ రమ్మని మేడమ్‌కు దాని చేతే ఫోన్ చేయించాను. మన తెలుగు మిత్రులకు ఈ ఈమెయిల్ కూడా అమ్మాయే కొడుతోంది. ఒక్క అక్షరం మార్చనని ఒట్టు వేయించుకున్నాను. మీ తరఫున మాట్లాడేవాళ్లు మీరన్నదే చెబుతున్నారా? ఎప్పుడైనా పక్కనుండి విన్నారా?