మా సీపీయూకి సిస్టరమ్మ వైద్యం

ఆనందకుమారి సిస్టరమ్మకు కంటపడిన ప్రతిదానికీ జ్వరం చూడటం అలవాటు. అది మనిషా, వస్తువా అన్న తేడా ఆమెకు లేదు. కుడిచేతిని తిరగేసి, వేళ్ళ వెనకభాగం ఒక్క క్షణం ఆనించి, "కాలిపోతా ఉండాది" అనేస్తారు. నెల్లూరు నుంచి బస్సు వచ్చి మా మైపాడులో ఆగితే, జనం దిగకముందే ఆమె బానెట్ మీద చెయ్యి వేసి, "ఏం డ్రైవరన్నా, పొద్దుట్నించి దీనికి నీళ్ళు పట్టించినావా లేదా?" అని నిలదీస్తారు. ఒక పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి వెళ్ళి పెళ్ళికొడుకు నుదురు తాకి, "తొంభై తొమ్మిది ఉండాది. ఫోటోలు బిన్నా కానియ్యండి" అని ఫోటోగ్రాఫరును తొందరపెట్టారు. ఇంకోసారి చర్చిలో పాస్టరుగారు వాక్యం చెబుతుండగా లేచి వెళ్ళి, యాంప్లిఫయరు మీద చెయ్యి పెట్టి, స్విచ్చి కట్టేశారు.

"అయ్యగారూ, మీరు కొంచెం గొంతు పెంచండి. ఇది రెస్టు తీసుకోవాల."

పాస్టరుగారు గొంతు పెంచారు. ఆమెతో వాదించడం కన్నా అదే తేలిక.

ప్రభుత్వాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారామె. అన్నేళ్ళలో ఆమె కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. టీ నడుస్తూ తాగుతారు. ఫోను మాట్లాడుతూ వీధి చివరిదాకా పోయి, మాట అయ్యేసరికి ఎక్కడున్నారో ఆమెకే తెలియక చుట్టూ చూసుకుంటారు. రిటైరైన మర్నాడు పొద్దున్నే వీధిలో తొమ్మిది ఇళ్ళు తిరిగారట. ఒక్క ఇంట్లోనూ జ్వరం లేదు. దిగులుతో ఇంటికొచ్చి, తోచక తమ్ముడి కొడుకు కంప్యూటరు మీద చెయ్యి వేశారు. కాలిపోతోంది! ఆ రోజు నుంచి మైపాడులో కంప్యూటర్లకు డాక్టరు దొరికినట్టయింది.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు సిస్టరమ్మా?" అని అడిగాను ఒకసారి.

"నర్సింగు మూడేళ్ళు. ఇది మూడు వీడియోలు" అన్నారు, అప్పటికే గేటు దాటుతూ.

నేను ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని టైపింగు పని చేస్తుంటాను. పెళ్ళి కార్డులు, పడవల కాగితాలు, చర్చి పత్రికలు. పోయిన ఎండాకాలంలో మా చర్చి నూరేళ్ళ పండుగ పుస్తకం నాకు అప్పగించారు. నూట ఇరవై పేజీలు. సరిగ్గా అప్పుడే నా కంప్యూటరు మొండికేసింది. స్విచ్చి వేసిన ఇరవై నిమిషాలకు లోపలి ఫ్యాను లారీలాగా రొద చేస్తుంది. ఇంకో ఐదు నిమిషాలకు చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. ఎనిమిదో పేజీ నాలుగుసార్లు కొట్టాను. ఐదోసారి ఆరిపోయినప్పుడు నేను అరిచిన అరుపుకు వీధిలో పోతున్న సిస్టరమ్మ చెప్పులతోనే లోపలికి వచ్చేశారు.

కంప్యూటరు బల్ల కింది అరలో, గోడకు ఆనించి ఉంది సీపీయూ. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా మా ఆవిడ కెజియా దానికి పూలపూల గుడ్డతో నిలువెల్లా తొడుగు కుట్టింది. మెడ దగ్గర కుచ్చులు కూడా పెట్టింది.

సిస్టరమ్మ తొడుగు మీంచే చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. "మే నెలలో స్వెట్టరేంది అబ్బయ్యా దీనికి?"

"కెజియా కుట్టింది..."

"గాలి పీల్చుకునే బొక్కలన్నీ మూసి కుట్టిందే! ముక్కు మూసి గుండె కొట్టుకోమంటే ఎట్టా కొట్టుకుంటది? స్విచ్చి వెయ్యి, ఎంత ఉండాదో చూద్దాం."

స్విచ్చి వేసి, ఒక మీట నొక్కి, వేడి ఎంతో చూపించే తెర తెచ్చాను. తొంభై రెండు అని ఉంది. సిస్టరమ్మ ముఖం వాడిపోయింది.

"తొంభై రెండేనా? జ్వరమే లేదే. చలి తగిలి ఉండాది."

"అది సెంటీగ్రేడు సిస్టరమ్మా."

"దేవా!" అని ఆమె గబుక్కున వెళ్ళి ప్లగ్గు పీకేశారు.

అది చల్లారే పది నిమిషాలూ మా వరండా ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నారు. తర్వాత చేతిసంచీ లోంచి దూది, స్పిరిటు సీసా, పెయింటు కుంచె, చెవులు కడిగే రబ్బరు బుడ్డి, ఒక పేస్టు ట్యూబు తీసి బల్లమీద వరసగా పెట్టారు. ఎవరికో ఆపరేషన్ అనుకుని మా నాన్న కూడా లోపలి గదిలోంచి వచ్చారు.

మా నాన్న జడ్సన్ మాస్టారు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన హెడ్మాస్టరు. డెబ్భై ఒకటి దాటాయి. మా అమ్మను చివరిసారి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున, ఇక ఆ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నారు. అప్పటినుంచి ఇంట్లో ఎవరైనా డాక్టరు మాట ఎత్తితే కంచం ముందునుంచి లేచిపోతారు. నేను అరవడం, ఆయన లేచిపోవడం మా ఇంట్లో మామూలే.

"సార్, ఈ టార్చి పట్టుకోండి" అన్నారు సిస్టరమ్మ. పక్కరేకు విప్పేసరికి లోపల ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము, ఉప్పుగాలి చెమ్మతో కలిసి కంబళి ముక్కలాగా పేరుకుపోయి ఉంది. రెక్క తిరగకుండా వేలితో ఆపి, కుంచెతో దులిపి, బుడ్డితో గాలి కొట్టారు. ఫ్యాను కిందున్న అల్యూమినియం దిమ్మ ఊడదీసి, దాని అడుగున ఎండి పెళ్ళలు కట్టిన, వేడిని లాగే పాత పేస్టును స్పిరిటు దూదితో తుడిచి, కొత్త పేస్టు బియ్యపుగింజంత పెట్టారు.

"ఇంకొంచెం పెట్టొచ్చు గదా" అన్నాను.

"ఇంజెక్షను బాగుండాదని రెండు చేస్తామా?"

మధ్యలో వెలుతురు వణుకుతోందని ఆమె తల ఎత్తి, అలవాటుగా నాన్న నుదుటికి చెయ్యి ఆనించారు. "చల్లగా ఉండారే" అన్నారు. ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదలు. నవ్వొచ్చింది.

సీపీయూను అరలోంచి తీసి, గోడకు జానెడు ఎడంగా, బల్ల పక్కన పీట మీద పెట్టించారు. కెజియా కుట్టిన తొడుగును దిండుకు తొడగమన్నారు. మళ్ళీ స్విచ్చి వేసి చూస్తే యాభై ఆరు! ఆ సాయంత్రం లోపల పద్నాలుగు పేజీలు కొట్టాను. కంప్యూటరు కిక్కురుమనలేదు.

కానీ సిస్టరమ్మ రావడం మానలేదు. తర్వాతి వారం, మంగళవారం నాడు మళ్ళీ దిగారు. ఆ తర్వాతి మంగళవారం కూడా.

"బాగానే ఉండాదే సిస్టరమ్మా."

"బాగుండాదని పేషంటు చెప్పాల. నువ్వెవురు చెప్పేదానికి? సార్ యాడ?"

నాన్న టార్చితో సిద్ధంగా ఉండేవారు. బయటకు విసుక్కున్నా, మంగళవారం గడ్డం గీసుకునేవారు. సిస్టరమ్మ ఒక చేత్తో నాన్న మణికట్టు పట్టుకుని, ఇంకో చేతి గడియారం చూస్తూ, తిరిగే ఫ్యానుకేసి పెదవులు కదుపుతుండేవారు.

"ఫ్యాను లెక్కబెట్టేదానికి నా చెయ్యెందుకమ్మా?" అని నాన్న ఒకసారి అడిగారు.

"మీ చెయ్యి కదిలితే వెలుగు కదులుద్ది. వెలుగు కదిలితే లెక్క తప్పుద్ది. లెక్క తప్పితే మీరు ఊరుకుంటారా సార్?"

లెక్క తప్పడం మా నాన్న సహించరు. చెయ్యి ఇంకా గట్టిగా బిగబట్టి నిలబడ్డారు.

నేను నా పేజీల గొడవలో ఉండి వాళ్ళ మాటలు సగమే వినేవాణ్ణి. "ఈ మిషను ఆరిపోయే ముందు దానికి ఎట్టుంటదంటారు సార్?" అని ఆమె అడగడం, "దాని సంగతి నాకేం తెలుసు! నాకైతే డాబా మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్ముతాయి, కాసేపు గోడ పట్టుకుంటే పోద్ది" అని నాన్న చెప్పడం చెవిన పడ్డాయి. పడినవి పడినట్టే పోయాయి. నేను నూరేళ్ళ పాస్టర్ల పేర్లలో ఒత్తులు దిద్దుతున్నాను.

ఆరో మంగళవారం పొద్దున సిస్టరమ్మ లెక్క ఎంతకీ ముగియలేదు. ఒక నిమిషమైంది. మళ్ళీ మొదటినుంచి ఇంకో నిమిషం. అంతసేపు ఆమె కదలకుండా నిలబడటం చూసి నాకే భయమేసింది. చెయ్యి వదిలి, మామూలు గొంతుతోనే అన్నారు.

"అబ్బయ్యా, వైర్లు పీకు. దీన్ని నెల్లూరు తీసకపోవాల."

"ఎందుకు? నూటపద్నాలుగో పేజీలో ఉండా! చల్లగా పనిచేస్తా ఉండాది!"

"చల్లగా ఉండేదే జబ్బు. సేవ్ చేసుకో. ఆటో పిలువు. ఇప్పుడే."

ఆ కళ్ళు చూశాక ఎదురు చెప్పబుద్ధి కాలేదు. ఆటో వచ్చింది. సీపీయూ తీసుకుని నేను ఎక్కబోతే ఆమె నన్ను పక్కకు నెట్టారు.

"నీకు నిదానం లేదు. గుంటల్లో ఎగరేస్తావు. ఇట్టాంటిది పెద్దమనిషి ఒళ్ళో ఉండాల. సార్, మీరు రండి. మెల్లిగా, మెల్లిగా ఎక్కండి."

నాన్న ధోవతి సర్దుకుని, బిడ్డను ఎత్తుకున్నట్టు సీపీయూను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. దారి పొడుగునా సిస్టరమ్మ చెయ్యి ఒకసారి సీపీయూ మీద, ఒకసారి నాన్న మణికట్టు మీద, ఒకసారి డ్రైవరు వీపు మీద. "పోనీ నాయనా. గుంట వస్తే ఆగి పోనీ. గుంట లేకపోతే ఆగబాక." తన కాలు బ్రేకు మీదుందో లేదో డ్రైవరుకే తెలియలేదు.

నెల్లూరులో ఆటో ఒక పెద్ద అద్దాల భవనం ముందు ఆగింది. నాన్న తల వంచి చూశారు.

"ఇది కంప్యూటర్ షాపా?"

"షాపు తెరిచేదానికి ఇంకా టైముండాది. ఈడ నాకు తెలిసిన సిస్టరుండాది. లోపల ఏసీ ఉంటది సార్, కంప్యూటరుకు మంచిది."

లోపలికి నాలుగడుగులు వేశాక నాన్నకు మందుల వాసన తగిలింది. గుండె బొమ్మ ఉన్న బోర్డు కనబడింది. సీపీయూను గుండెలకు హత్తుకుని నిలబడిపోయారు.

"ఆనందకుమారీ!" హెడ్మాస్టరు గొంతు. వరండాలో కూర్చున్న పేషంట్లు నలుగురు లేచి నిలబడ్డారు. "నన్ను మోసం చేసినావా?"

"చేసినా సార్" అన్నారామె. "కోప్పడండి. కానీ పడుకోని కోప్పడండి. మీ పల్సు ముప్పై ఎనిమిది ఉండాది."

"నీకెట్టా తెలుసు?"

"ఆరు వారాల్నించి పట్టుకోని చూస్తా ఉండా గదా. మొదటి వారం యాభై నాలుగు. తర్వాత యాభై రెండు. నలభై తొమ్మిది. నలభై ఆరు. నలభై రెండు. ఈ పొద్దు ముప్పై ఎనిమిది."

నాన్న కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. రెండు, మూడు, మూడు, నాలుగు, నాలుగు. ఈ లెక్క ఎటుపోతుందో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కళ్ళు తెరిచి, సీపీయూను నా చేతికిచ్చారు.

"మంచం యాడ?" అన్నారు.

గుండెలో మామూలుగా నడవాల్సిన కరెంటు సరిగ్గా నడవడం లేదని తేల్చారు డాక్టరు. ఇంకో వారం ఆగుంటే ఏ మెట్లమీదో పడిపోయేవారట. మర్నాడే భుజం కింద, గుండెను నడిపించే చిన్న మిషను అమర్చారు. కెజియా వచ్చేదాకా నేను సీపీయూను వార్డులో మంచం కింద పెట్టుకుని కూర్చున్నాను. అక్కడి నర్సు దాన్ని ఎత్తి బయట పెట్టబోతే సిస్టరమ్మ అడ్డంపడ్డారు. "దాన్ని ముట్టుకోబాక. పేషంటు తాలూకు మనిషి."

ఆ సాయంత్రం వరండాలో ఆమె వెంట నడుస్తూ అడిగాను. ఆమెతో మాట్లాడాలంటే నడవక తప్పదు.

"నాకు ముందే చెప్పి ఉండొచ్చు గదా సిస్టరమ్మా?"

"చెప్తే ఏం చేస్తావు? అరుస్తావు. నువ్వు అరిస్తే ఆయన లోపలికి పోయి తలుపేసుకుంటాడు. అంబులెన్సు పిలిస్తే ఎక్కడు. కంప్యూటరు కోసమంటే నీకోసం ఎక్కినాడు."

"అంటే కంప్యూటరుకు..."

"దానికేం రోగం? మొదటి రోజే తగ్గిపాయె." ఆగకుండా వెళుతూ వెళుతూ ఒక్క మాట అన్నారు. "మీ అమ్మ నాకు చెప్పిపోయింది అబ్బయ్యా, ఆయన్ని ఒక కంట చూస్తుండమని. నేనెట్టా ఊరికే ఉండేది?"

పుస్తకం పది రోజులు ఆలస్యంగా అచ్చయింది. ఎవరూ ఏమీ అనలేదు. నాన్న మాత్రం చూడటానికి వచ్చినవాళ్ళందరికీ, తను కంప్యూటరు బాగుచేయించడానికి నెల్లూరు పోయాననీ, పనిలో పనిగా తనకూ ఒక పార్టు వేశారనీ చెబుతున్నారు. నెల తిరిగి చెకప్ రోజు వచ్చింది. ఏం చెప్పి బయల్దేరదియ్యాలా అని నేనూ కెజియా గుసగుసలాడుకుంటుంటే, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లోకి వచ్చి, "ఆటో రాలేదా ఇంకా? ఎప్పుడూ ఇంతేరా నువ్వు" అన్నారు.

మొన్న పొద్దున సిస్టరమ్మ మా వీధిలో గబగబా పోతూ కనిపించారు. చేతిసంచీ ఉంది.

"ఎక్కడికి సిస్టరమ్మా?"

"చిన్నపోలయ్య ఇంటికి. వాళ్ళ ఫ్రిజ్జు వేడెక్కతా ఉండాదంట."

చిన్నపోలయ్య వలకు పోయి ఉంటాడు ఈ వేళకు. ఇంట్లో ఉండేది అతని భార్య మస్తానమ్మ ఒక్కతే.

"మస్తానమ్మకు ఒంట్లో బాగలేదా?"

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నారామె చుట్టూ చూసి, గొంతు తగ్గించి. "నేను ఫ్రిజ్జు గురించి గదా చెప్తుండేది? ఊరికే నిలబడతావేంది, టార్చి తీసుకోని రా."

నేను లోపలికి పరుగెత్తాను. టార్చి కోసం వెతుకుతుంటే, అది పట్టుకుని నాన్న అప్పటికే గేటు దాటుతున్నారు.