రేడియో ముందర చెంబు నీళ్లు

మా అత్తమ్మ పోయిన వారం నల్లగొండ దవాఖానలో కన్నుమూసింది. తిరుమలగిరి దగ్గర మా ఊళ్లో ఆమె చెప్పే కథ వినని ఇల్లు లేదు. నేను చదివింది నాలుగో తరగతే. అయినా ఆమె గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నోరు పెగిలేది కాదు. అత్తమ్మ దానికి ఎన్నడూ కోప్పడలేదు. "మాట్లాడకున్నా మంచిదే బిడ్డా, నా కథకు ఊఁ కొట్టు, చాలు" అనేది. పొద్దుగూకే వేళ జొన్నరొట్టెలు చేస్తూ గడి దయ్యం కథ ఎత్తుకునేది. అంతకుముందే గడప బయట చెంబెడు నీళ్లు పెట్టి వచ్చేది. అది పెట్టనిదే కథ మొదలయ్యేది కాదు.

పాతకాలం కథ. కోటలాంటి దొర గడిలో పెళ్లి. వెట్టికి వచ్చిన ఒక పిల్ల పొద్దంతా వడ్లు దంచి, దూపయితోందంటే ఎవరూ నీళ్లివ్వక, రోలు దగ్గరే పడి చచ్చిపోతుంది. దయ్యమై ఇల్లిల్లూ తిరిగి నీళ్లడుగుతుంది. అందరూ తలుపులు వేసుకుంటారు. చివరకు ఒక కొత్త కోడలు గడప బయట చెంబు పెడుతుంది. దయ్యం తాగి, చెంబు బోర్లించి వెళ్లిపోతుంది.

"గంతే. మల్ల ఎవలికీ కనవడలే" అంటూ అత్తమ్మ రొట్టె తిప్పేది.

పట్నం నుంచి ఒకాయన వచ్చి ఆ కథ రాసుకుపోయాడు. కొన్నాళ్లకు అది రేడియోలో నాటకంగా వస్తుందని కబురు. ఆ సాయంత్రం పంచాయితీ ఆఫీసు అరుగు నిండిపోయింది. అత్తమ్మ చెంబు తెచ్చి రేడియో ముందర పెట్టింది.

"ఏంది పెద్దమ్మా, డబ్బాకు గూడ దూపయితాందా?" అన్నాడు సర్పంచి. అందరూ నవ్వారు.

"నవ్వు కొడుకా, నవ్వు. వచ్చేది గా పిల్ల."

నాటకంలో కొత్త కోడలు లేదు, చెంబూ లేదు. మంత్రగాడు వచ్చాడు. వేపమండల దెబ్బలు, కేకలు. దయ్యం ఏడుస్తూ పారిపోయింది.

అత్తమ్మ లేచి రేడియోతోనే మాట్లాడింది. "అయ్యో, దాన్నెందుకు కొట్టిండ్రు? అది ఎవల్నేమన్నది? జర నీళ్లియ్యుండ్రి!"

రేడియోలో అప్పటికే ధరవరలు చెబుతున్నారు. ఈసారి సర్పంచి నవ్వలేదు. "మనం చెప్పేది దానికి ఇనవడదు పెద్దమ్మా" అన్నాడు మెల్లగా.

చెంబు పట్టుకుని నేను ఆమె వెనక ఇంటికి నడిచాను. "గిప్పుడది యాడికి పోతది బిడ్డా?" అని అడిగింది.

పోయిన వారం దవాఖానలో ఆమె కడుపు కోశారు. చుక్క నీళ్లు కూడా పట్టొద్దన్నాడు డాక్టరు.

"పిల్లా, దూప" అన్నది.

నా పెనిమిటి తల వంచుకున్నాడు. "ఇస్తే పాణానికే ముప్పంటాండ్రు. ఎట్ల ఇద్దమే?"

తడిగుడ్డ పెదవులకద్దాను. ఆమె నా కొంగు పట్టుకున్నది. "గా కథల కొత్త కోడలివి నువ్వే గదనే" అన్నది. కూజా మంచం పక్కనే ఉంది. నేను గుడ్డ మళ్లీ తడిపాను. మధ్యాహ్నానికి కొంగు మీద ఆమె పట్టు సడలింది.

ఇప్పుడు పొద్దుగూకగానే ఆమె చెంబే గడప బయట పెడుతున్నాను. తెల్లవారి తలుపు తీస్తే చెంబు నిలబడే ఉంటుంది. నీళ్లు అంచుదాకా అలాగే ఉంటాయి. వాటి మీద ఒక వేపాకు తేలుతూ ఉంటుంది.